వదలండి

ఆదివారం పెరంబూర్‌లో
సైకిల్ షాపు మీది గదికి వెళ్తాను.
మెట్ల నిండా గ్రీజు వాసన, లోపల బొగ్గు వాసన.
పదకొండు ఈజిళ్లు, ఒక బల్ల,
బల్ల మీద పాత జంపఖానా.
ఎలక్ట్రిక్ రైలు వెళ్లినప్పుడల్లా
కిటికీ అద్దానికి చిన్న వణుకు.

మిగతా ఆరు రోజులు నా పని ఎముకలతో.
చీకటి గది, సీసపు ఆప్రాను,
రోజుకు అరవై ఛాతీలు.
ఊపిరి బిగబట్టండి అంటాను,
మూచ్చు పిడింగ అంటాను,
మీట నొక్కి, వదలండి అంటాను.
మొహాలు గుర్తుండవు.
మనిషికి తోలుంటుందన్న సంగతే మర్చిపోతానేమోనని
భయమేసి ఈ క్లాసుకు ఫీజు కట్టాను.

ఆమె నైటీ విప్పి మడిచి కుర్చీ మీద పెట్టింది,
కౌంటర్లో చిల్లర పెట్టినంత మామూలుగా.
కూర్చుంది.
యాభై దాటిన ఒళ్లు. పొట్ట మీద మూడు మడతలు,
నల్లబడిన మోకాళ్లు, పగిలిన మడమలు.
మాస్టారు టైమరు తిప్పాడు, ఇరవై నిమిషాలు.
బొగ్గుముక్కలన్నీ ఒక్కసారే గీరడం మొదలుపెట్టాయి
కోళ్లు చెత్తకుప్ప కెలికినట్టు.

నా చెయ్యి మాత్రం ఆమె కుడి భుజం దగ్గర ఆగిపోయింది.
కాలర్ ఎముక ఎప్పుడో విరిగింది.
అతికింది కానీ, ఒక కొన ఇంకో కొన మీదికెక్కి,
గుమ్మం ముందు హడావిడిగా వదిలిన చెప్పుల జతలా.
ఫిల్ము అక్కర్లేదు నాకు.
ఉన్నది ఉన్నట్టు గీశాను.

అప్పుడు చూశాను, ఆమె ఊపిరి తీయడం లేదు.
పక్కటెముకలు పైకెత్తి అలాగే పట్టుకుంది.
రైలు వెళ్లింది, అద్దం వణికింది, ఆమె కదల్లేదు.
పద్నాలుగేళ్ల అలవాటు.
నోరు దానంతటదే "వదలండి" అనేసింది.
తెలుగులో. పైకే.

గదంతా నా వైపు తిరిగింది.
ఆమె పొట్ట మీది మూడు మడతలూ కలిసి ఊగాయి.
నవ్వు!
మాస్టారు అరవంలో విసుక్కున్నాడు,
ఆమె ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

టీ టైములో నా ఈజిల్ దగ్గరికొచ్చింది.
"మన మాటోళ్లు గూడా ఉండారా ఈడ!"
పేరు దేశమ్మ. పుళియంతోపు.
ఇంట్లో తెలుగు, వీధిలో అరవం,
ఈ బల్ల మీద ఏ భాషా లేదు.
బొమ్మను చాలాసేపు చూసింది.
"అందరూ ఈ బుజాన్ని సరిచేసి ఏస్తారు మా.
ఆళ్ల మంచితనం.
తొమ్మిదేండ్లకి నా బుజం నాదిగా ఏసింది నువ్వే."

ఎక్స్‌రే తీయించలేదా అన్నాను, కొంచెం కోపంగానే.
"పుత్తూరు కట్టు కట్టించినా.
మూడో దినమే చీపురు పట్టుకోని పన్లోకి పోయినా.
కట్టుదేం తప్పుండాది?"

అందరూ మెట్లు దిగాక
"నువ్వు కూసో" అంది బల్ల చూపించి.
చీరలోనే కూర్చున్నాను.
చేతులెక్కడ పెట్టాలో తెలీలేదు.
బొగ్గు అందిస్తే వద్దంది.
"గీసేది నాకు రాదు. సూసేది వొస్తాది.
ఇంతమంది సూస్తా ఉంటే ఆ మాత్రం నేర్చుకోనా?"

చూసింది.
నన్నెవరూ అంతసేపు చూడలేదు.
పెళ్లిచూపుల్లో కూడా మధ్యలో పకోడీలున్నాయి.
చెమటచుక్క ఒకటి వీపు మీద దారి వెతుక్కుంటోంది.
"రెండు బుజాలూ దిగిపోయుండాయి నీకు.
దినమూ ఏంది మోసేది?"

సీసం, అన్నాను. కిరణాలు లోపలికి రాకుండా.
"అట్టనా" అంది.
"ఇప్పుడు లేదు గదా మా, దించు."

దించడం వెంటనే రాలేదు నాకు.
కింద సైకిల్ షాపతను షట్టరు లాగాడు.
ఇంకో రైలు వచ్చింది, అద్దం వణికింది,
ఈసారి నేనూ.

ఆమె నైటీని సంచీలో కుక్కుతూ
వచ్చే వారం వీపు పోజని చెప్పింది.
వీపులో ఏముందో ముందే చెప్పొద్దన్నాను.